ప్యాలెట్ టౌన్ నుంచే మళ్ళీ మొదలుపెట్టాలా, ఇక చాలా?

బెజవాడ_బల్బసార్

సూటిగానే అడుగుతున్నా. రేపెప్పుడైనా పోకేమాన్ వాళ్ళు కాంటోలో (మొదటి పోకేమాన్ గేమ్ జరిగిన ప్రాంతం) ఇంకో గేమ్ తీసి, మళ్ళీ ప్యాలెట్ టౌన్‌లో అదే మేడ మీద గదిలో మొదలుపెట్టి, ప్రొఫెసర్ ఓక్ ల్యాబ్‌లో మొదటి పోకేమాన్‌ని ఎంచుకునే అవే మూడు బంతుల ముందు నిలబెడితే కొంటారా? నా పేరులో ఆ మూడింట్లో ఒకటైన బల్బసార్‌ని చూసి నేను కొంటాననుకునేరు. కొనను.

ఎన్నిసార్లయిందో చూడండి. 1996లో జపాన్‌లో రెడ్, గ్రీన్ అక్కడే మొదలయ్యాయి. 1998లో ఎల్లో కూడా అక్కడే. 2004లో ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ పేరుతో మళ్ళీ అదే ఊరు. 2018లో నింటెండో స్విచ్ మీద లెట్స్ గో వస్తే, అదీ అక్కడే. మధ్యలో 1999 నాటి గోల్డ్, సిల్వర్, వాటి 2009 రీమేక్‌లు పక్కనున్న జోహ్టో ప్రాంతంలోని న్యూ బార్క్ టౌన్‌లో మొదలైనా, చివరికి తిప్పి తిప్పి ప్యాలెట్ గుమ్మంలోనే దింపాయి. అదే యునోవా ప్రాంతం చూడండి, 2010లో వచ్చింది, ఇంతవరకు ఒక్క రీమేక్‌కి నోచుకోలేదు.

పోనీ ఆ ఊళ్ళో ఏమన్నా ఉందా? రెండిళ్ళు, ఒక ల్యాబ్. పోకేమాన్ సెంటర్ (వాటికి వైద్యం చేసే చోటు) లేదు, మార్ట్ లేదు. బయట తిరిగేది ఇద్దరే. వాళ్ళలో ఒకాయన టెక్నాలజీ ఎంత గొప్పదో అంటూ పీసీలో పోకేమాన్లని దాచుకోవడం గురించి మురిసిపోతుంటాడు. 1996లో ఆశ్చర్యమే, కాదనను. 2018లో కూడా మనం అక్కడే ఆగి ఆశ్చర్యపోవాలా?

మన చిన్నతనాన్ని మనకే తిరిగి అమ్ముతున్నారు. ఒప్పుకోనివాళ్ళు కారణం చెప్పండి. "ఆ ఫీలే వేరు" అనేది కారణం కిందికి రాదు.

కోతల_గ్యారీ

నేను మొదటి రోజే కొంటా. ఆడేసి ఇక్కడికొచ్చి తిడతా. మామూలే కదా.

రూట్21_ఈతగాడు

ఫీల్ సంగతి పక్కన పెడదాం. బల్బసార్ గారూ, మీరు ఇళ్ళు లెక్కపెట్టారు గానీ ఆ ఊరు మ్యాప్‌లో ఎక్కడుందో చూడలేదు.

గేమ్ మొదట్లో మీరు ఇంట్లోంచి బయటికొచ్చి, కిందికి, ల్యాబ్ వైపు నడవండి. ల్యాబ్ దాటితే నీళ్ళు. దాటలేరు. పైన గడ్డి. అందులో అడుగు పెట్టబోతే ఓక్ వచ్చి ఆపుతాడు. అంటే ఆ చిన్న ఊళ్ళో రెండు దారులూ మొదటి నిమిషంలోనే చూపించి, రెండూ మూసేశారు. గడ్డి దారి పోకేమాన్ చేతికి రాగానే తెరుచుకుంటుంది. నీళ్ళ దారి మాత్రం ఫ్యూషియా సిటీ దాకా వెళ్ళి సర్ఫ్ (పోకేమాన్ మీదెక్కి నీళ్ళు దాటే విద్య) సంపాదిస్తే గానీ తెరుచుకోదు.

ఈలోపు గడ్డి దారి ఎలా కట్టారో చూడండి. విరిడియన్ మార్ట్‌లో ఓక్‌కి ఇవ్వాల్సిన పార్సిల్ చేతిలో పెట్టి వెనక్కి పంపుతారు కదా, అందరూ తిట్టుకునే పని అది. రూట్ 1లో గట్లన్నీ దక్షిణం వైపే దూకేలా ఉంటాయి. వెళ్ళేటప్పుడు ఆ గట్ల చుట్టూ తిరుగుతూ, గడ్డిలో పడి, పిడ్జీలతోనూ రటాటాలతోనూ కొట్టుకుంటూ వెళ్ళాలి. తిరిగొచ్చేటప్పుడు టకటకా దూకుకుంటూ క్షణాల్లో ఇంటి ముందుంటాం. గట్టు ఒకవైపే దూకగలమని ఎవరూ పాఠం చెప్పరు. ఇల్లు దగ్గరేనన్న ధైర్యం కూడా ఎవరూ మాటల్లో చెప్పరు. రెండూ మన కాళ్ళకే తెలుస్తాయి. ఆ పార్సిల్ లేకపోతే పోకెడెక్స్ (పోకేమాన్ల వివరాలు చూపే యంత్రం) కోసం వెనక్కి రావడమే ఉండదు, ఈ గట్ల విషయం ఎవడి కంటా పడదు.

తర్వాత కథంతా నడిచి సిన్నబార్ ఐలాండ్‌లో జిమ్ లీడర్ (ఓడిస్తే బ్యాడ్జ్ ఇచ్చేవాడు) బ్లెయిన్‌ని ఓడిస్తారు. ఏడో బ్యాడ్జ్. ఎనిమిదోది ఎక్కడ? విరిడియన్‌లో, మొదట్లో తాళం వేసి ఉన్న జిమ్‌లో. సిన్నబార్ నుంచి విరిడియన్‌కి దగ్గర దారి రూట్ 21, అంటే నేరుగా ప్యాలెట్ మీదుగా. మొదటి రోజు ఏ నీళ్ళ దగ్గర ఆగిపోయారో అదే నీళ్ళలోంచి ఈదుకుంటూ ఊళ్ళోకొస్తారు. ఆ దారిలో ఒక గడ్డి ముక్కలో టాంజెలా అనే పోకేమాన్ దొరుకుతుంది. మీ ఇంటి వెనకాలే ఉన్నట్టు, ఇన్నాళ్ళూ చూడలేనంత దూరంలో.

ఆ ఊరు తీసేసి ఇంకో ఊరు పెడితే ఇంత పని చెయ్యదు. ఇందులో చిన్నతనం ఎక్కడుంది?

చార్మినార్_చార్‌మాండర్

అన్నా, మస్తు జెప్పినవ్ గని ఒక్కటడుగుత. నువ్వు జెప్పిన ఆ తొవ్వల ఎవడు పోయిండు?

సిన్నబార్ దాక పోయేసరికి అందరి తాన ఫ్లై (ఇదివరకు పోయిన ఊర్లకు ఎగిరి పోయే విద్య) ఉంటది. బ్లెయిన్‌ను కొట్టుడు, మెనూ తెరుసుడు, విరిడియన్ మీద దిగుడు. అంతే. రూట్ 21ల ఈదుకుంట పోతే టెంటకూల్ అనే నీళ్ళ పోకేమాన్లు అడుగడుగున వస్తయి. నేనైతె ఫైర్‌రెడ్ ఎమ్యులేటర్‌ల (పాత గేములు వేరే మెషీన్ల మీద నడిపే ప్రోగ్రాం) ఆడిన, మనోళ్ళు శానా మంది అట్లనే ఆడిన్రు. స్పీడ్ బటన్ ఒత్తి పట్టుకుంటే ప్యాలెట్ అనేది కండ్ల ముందల కెళ్ళి ఉరికిపోయింది. గట్లు గిట్లు నాకేం యాదికి లెవ్వు.

డిజైన్ గొప్పదే గావచ్చు. ఆడేటోడు సూడకుంట పోయే డిజైన్ కోసం మల్ల పైసలు పెట్టాల్నా?

టీవీ_బ్యాచ్

చర్చంతా గేమ్ మీదే నడుస్తోంది. మనలో చాలామందికి ప్యాలెట్ టౌన్ అంటే ముందు టీవీ కార్టూన్‌లో హీరో యాష్ ఊరు. నిద్ర లేవడం ఆలస్యమై పైజామాలోనే ల్యాబ్‌కి పరిగెత్తడం, పికాచు తాడు లాగినా కదలకపోవడం, ఓక్ ల్యాబ్ వెనకాల అంత పెద్ద మైదానం. దాన్ని చూసి గేమ్‌లోకి వెళ్తే, బల్బసార్ గారన్నట్టు రెండిళ్ళే. నిజంగా ఉసూరుమన్నా.

కానీ ఒకటి. 2023లో యాష్ కథ ముగించినప్పుడు కూడా అతన్ని ప్యాలెట్‌కి తీసుకొచ్చి, అక్కడి నుంచే మళ్ళీ బయల్దేరదీశారు. అంతకుముందు ఏడే ప్రపంచ ఛాంపియన్‌ని చేశారు. అయినా కప్పు దగ్గర ఆపలేదు, ఇంటికి తెచ్చారు. ఊరికి అంత విలువ ఉందని వాళ్ళే అనుకున్నారు కదా.

ఇంకో మాట. ఈ సిరీస్ మొదలుపెట్టిన తజిరి సతోషి టోక్యో దగ్గర మచిదాలో పురుగులు పట్టుకుంటూ పెరిగాడు. తర్వాత అక్కడి పొలాలు, చెరువులు పోయి కట్టడాలొచ్చాయి. జపాన్‌లో యాష్ పేరు సతోషి అన్నది అందరికీ తెలిసిందే. ఊరి చివర గడ్డి, గడ్డిలో జంతువులు, అంతకు మించి ఏమీ లేని పల్లె ఆయనకి ఎందుకు కావలసొచ్చిందో ఊహించుకోవచ్చు. నా ఓటు ప్యాలెట్‌కే, మసుదా జునిచి చేసిన ఆ ఊరి పాట కోసమైనా సరే.

కోతల_గ్యారీ

పాట కావాలంటే యూట్యూబ్‌లో ఉంది భయ్యా, గేమ్ కొనక్కర్లేదు.

ఈవీ_వాళ్ళమ్మ

మేము డాలస్‌లో ఉంటామండి. మా బాబుకి లెట్స్ గో ఈవీ కొన్నాం. వాడికి అది ఎన్నోసారో తెలీదు, తెలియాల్సిన అవసరమూ లేదు. వాడి వరకు ప్యాలెట్ టౌన్ సరికొత్త ఊరు. మీరందరూ "మళ్ళీ, మళ్ళీ" అంటున్నారు. ప్రతి "మళ్ళీ" దగ్గరా ఎవరో ఒకరికి మొదటిసారి అవుతుంది కదండీ.

స్విచ్ రెండో జాయ్-కాన్ (కంట్రోలర్) తీసుకుని నేను పక్కన చేరొచ్చు కాబట్టి ఇద్దరం కలిసే ఆడాం. చిన్న ఊరు కావడమే వాడికి కలిసొచ్చింది. దారి తప్పలేదు, ఎవరితో మాట్లాడాలో తికమక పడలేదు. అదే వాడు తర్వాత స్కార్లెట్ గేమ్ మొదలుపెట్టినప్పుడు, కాబో పోకోలో ఇల్లు దాటి కాస్త ముందుకెళ్ళగానే అంత పెద్ద పాల్డియా ప్రాంతం కనపడేసరికి, ఎటు పోవాలమ్మా అని నన్నే అడిగాడు.

బెజవాడ_బల్బసార్

అక్కా, మీ బాబు మాట న్యాయమే. కొత్తవాళ్ళకి చిన్న ఊరు మంచిదే. కానీ చిన్న ఊరు అంటే ప్యాలెట్ ఒక్కటేనా? వేరే గేమ్‌లు మొదలయ్యే లిటిల్‌రూట్ లేదా, ట్విన్‌లీఫ్ లేదా?

ఈతగాడు గారు చెప్పిన నీళ్ళ విషయం బాగుంది, చదువుతుంటే ముచ్చటేసింది. కానీ ఆ గొప్ప ప్యాలెట్ ఒక్కదానికే కట్టబెడితే ఒప్పుకోను. న్యూ బార్క్‌లో తూర్పున నీళ్ళుంటాయి. మొదట్లో దాటలేం. ఎనిమిది బ్యాడ్జ్‌లూ వచ్చాక ఆ నీళ్ళ మీదుగానే రూట్ 27, టోజో ఫాల్స్ దాటి పోకేమాన్ లీగ్‌కి (చివరి పోటీకి) వెళ్ళాలి. ప్యాలెట్ అయితే ఫ్లైతో తప్పించుకోవచ్చు, చార్మినార్ తమ్ముడు చెప్పినట్టు. న్యూ బార్క్‌ని మొదటిసారి తప్పించుకోలేం. స్వోర్డ్, షీల్డ్ గేమ్‌లు మొదలయ్యే పోస్ట్‌విక్ తీసుకోండి. ఇంటి పక్కనే పొగమంచు అడవి, మొదట్లో అక్కడ ఒక వింత జరుగుతుంది, కథ ముదిరాక మళ్ళీ అదే అడవిలోకి పంపుతారు. అంటే ప్యాలెట్ నేర్పిన పాఠం తర్వాతి ఊళ్ళు ఎప్పుడో నేర్చేసుకున్నాయి. పాఠం వచ్చేశాక ఇంకా పలకతోనే తిరగడమెందుకు?

లెట్స్ గోలో ఏం చేశారో కూడా చెప్పండి. అడవి పోకేమాన్లతో పోరాటం తీసేసి, బంతి విసిరి పట్టుకోవడం పెట్టారు. సర్ఫ్, ఫ్లై నేర్పే పద్ధతి మార్చారు. అలోలా అనే ఇంకో ప్రాంతపు పోకేమాన్ రూపాలు తెచ్చి కలిపారు. ఇన్ని మార్చినవాళ్ళు ఊరి విషయంలో మాత్రం భక్తిగా చేతులు కట్టుకున్నారు. అది డిజైన్ మీద గౌరవం కాదు, భయం.

రూట్21_ఈతగాడు

న్యూ బార్క్ మాట ఖాయం. పోస్ట్‌విక్ విషయంలో సగం. అక్కడికి మనం కథ లాక్కెళ్తే వెళ్తాం, మ్యాప్ తీసుకెళ్తే కాదు.

ఇంతకీ మీ మొదటి ప్రశ్నకి నా జవాబు చెప్పనేలేదు. ప్యాలెట్ నుంచి *మొదలుపెట్టే* గేమ్ ఇంకొకటి నాక్కూడా వద్దు.

ఆశ్చర్యపోకండి. ఆ ఊరు నాకు అన్నిటికంటే బలంగా తగిలింది నేను అక్కడ పుట్టని గేమ్‌లో. గోల్డ్‌లో కాంటోకి ఓడ మీద వెళ్తే వర్మిలియన్‌లో దిగుతాం. ప్యాలెట్‌కి ఫ్లై లేదు, ఎందుకంటే ఇంకా అక్కడ అడుగే పెట్టలేదు (చార్మినార్ తమ్ముడూ, ఇది నీకోసమే). డిగ్లెట్ కేవ్‌కి అడ్డంగా స్నార్‌లాక్స్ అనే పెద్ద పోకేమాన్ పడుకుని ఉంటుంది. రేడియోలో పోకే ఫ్లూట్ పాట వినిపించి దాన్ని లేపి, ప్యూటర్, విరిడియన్ దాటుకుంటూ కాంటో తిరుగుడు ముగియబోతున్న వేళ ప్యాలెట్‌కి చేరతాం. పాత గేమ్‌లో మనది అనుకున్న ఇంట్లోకి వెళ్తే రెడ్ వాళ్ళమ్మ ఉంటుంది. కొడుకు వెళ్ళి చాలా కాలమైంది, ఒక్క ఫోన్ లేదు, ఎక్కడున్నాడో ఏం చేస్తున్నాడో తెలీదు, కబురు లేదంటే క్షేమమనే అంటారు గానీ దిగులుగానే ఉంది అంటుంది. ఆ రెడ్ ఎవరు? నువ్వే. మూడేళ్ళ కిందట ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయింది నువ్వే. మొదటి గేమ్‌లో, మగపిల్లలు ఏదో ఒక రోజు ఇల్లు విడిచి వెళ్తారని టీవీలో చెప్పారంటూ నిన్ను పంపించింది కూడా ఈవిడే.

ఆ తర్వాత మౌంట్ సిల్వర్ ఎక్కితే అక్కడ ఆ రెడ్ ఉంటాడు. లెవెల్ 81 పికాచు. ఒక్క మాట మాట్లాడడు. వెళ్ళడానికి అనుమతి ఇచ్చేది కూడా ప్యాలెట్ ల్యాబ్‌లోని ప్రొఫెసర్ ఓక్ గారే.

ఆ తల్లి మాటలకి ఒక్క కొత్త గ్రాఫిక్ అక్కర్లేదు. ఊరు పెద్దది చెయ్యనక్కర్లేదు. మనల్ని అక్కడ పరాయివాళ్ళుగా నిలబెడితే చాలు. కాబట్టి కొత్త కాంటో గేమ్ తియ్యమనండి, నేను కొంటా. కానీ ఎవరో సిన్నబార్ పిల్లనో, ఫ్యూషియా పిల్లాణ్ణో హీరోగా పెట్టి, ప్యాలెట్‌ని దారిలో తగిలే వేరేవాళ్ళ ఊరుగా చూపించమనండి.

టీవీ_బ్యాచ్

గోల్డ్‌లో కాంటో మరీ బోసిగా ఉంటుంది కదా? సఫారీ జోన్ మూసేశారు, సిన్నబార్‌ని అగ్నిపర్వతం మింగేసింది, విరిడియన్ ఫారెస్ట్ ఊసే లేదు. మెచ్చుకునేంత ఏముంది అందులో?

రూట్21_ఈతగాడు

క్యాట్రిడ్జ్‌లో జాగా చాలక కోసిన కోతలు అవి, సందేహం లేదు. 2009 రీమేక్‌లో అడవి తిరిగి పెట్టారు. సిన్నబార్ మాత్రం బూడిదగానే వదిలేశారు, మంచి పని చేశారు. ఆ బూడిద మీద, మొదటి గేమ్‌లో మన ప్రత్యర్థి అయిన బ్లూ ఒక్కడే నిలబడి ఉంటాడు చూడండి, వాడితో మాట్లాడితే గానీ విరిడియన్ జిమ్ తెరుచుకోదు. వాడి దగ్గరికి ప్యాలెట్ నుంచి ఈదుకుంటూ పోవచ్చు, మళ్ళీ అదే రూట్ 21.

బెజవాడ_బల్బసార్

సిన్నబార్ పిల్ల హీరోయిన్ అయితే నేను కూడా కొంటా. అగ్నిపర్వతం పేలకముందు కథ అయితే ఇంకా మంచిది. కానీ వాళ్ళు అది తియ్యరు, పెట్టె మీద చారిజార్డ్ బొమ్మ వేసి మళ్ళీ మేడ మీద గదే చూపిస్తారు. అప్పుడు ఈ థ్రెడ్ లింక్ ఇక్కడే పెడతా.

ఈవీ_వాళ్ళమ్మ

ఆ రెడ్ వాళ్ళమ్మ మాటలు మా బాబుకి చూపించాలనుంది. గోల్డ్ ఇప్పుడు ఎందులో ఆడొచ్చండి? పాత మెషీన్లేమీ మా దగ్గర లేవు, స్విచ్ ఒక్కటే.

చార్మినార్_చార్‌మాండర్

అక్కా, పాత నింటెండో త్రీడీఎస్ దొరికితే సెకండ్ హ్యాండ్‌ల హార్ట్‌గోల్డ్ (గోల్డ్‌కు 2009 రీమేక్) క్యాట్రిడ్జ్ చూడున్రి, డీఎస్ గేములు అండ్ల ఆడుతయి. గని నకిలీలు మస్తు ఉన్నయి, పైలం. ఒరిజినల్ హార్ట్‌గోల్డ్ క్యాట్రిడ్జ్‌ను లైటుకు పెట్టి చూస్తె ముదురు ఎరుపు కనబడ్తది, నకిలీది ఊకె నల్లగుంటది.

ఈతగాడు అన్నా, నేను ఫైర్‌రెడ్ మల్ల మొదలువెట్టిన, ఈసారి స్పీడ్ బటన్ ముట్ట, ఫ్లై నేర్ప. సిన్నబార్‌కు సీఫోమ్ దీవుల తొవ్వల పోవాల్నా, ప్యాలెట్ కెళ్ళి ఈదాల్నా?

రూట్21_ఈతగాడు

ఫ్లై లేదంటున్నావు కాబట్టి పోయేటప్పుడు సీఫోమ్ మీదుగా పో, స్ట్రెంగ్త్ (బండరాళ్ళు నెట్టే విద్య) వచ్చిన పోకేమాన్‌ని ఒకదాన్ని వెంట ఉంచుకో. వచ్చేటప్పుడు ప్యాలెట్ మీదుగా రా. రిపెల్స్ (అడవి పోకేమాన్లని దగ్గరికి రానివ్వని స్ప్రేలు) కాస్త ఎక్కువే కొనుక్కో, టెంటకూల్‌ల విషయంలో నువ్వన్నది నిజమే.