బోటు ఊగితే టీవీ సిగ్నల్ పోతోంది, పెద్ద డిష్ వేస్తే ఆగుతుందా?

రేవుగట్టు:
అందరికీ నమస్తే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మాకో చిన్న మరబోటు ఉంది. వేట నిషేధం ఉన్నన్నాళ్లూ, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, బోటు జెట్టీకి కట్టేసే ఉంటుంది. నాన్న, ఇద్దరు కలాసీలు రాత్రి కాపలాకి అందులోనే పడుకుంటారు. వాళ్లకి పొద్దుపోవాలని కేబిన్ మీద ఫ్రీ డిష్ పెట్టించాను. నీళ్లు కదలనంతసేపు బొమ్మ అద్దంలా ఉంటుంది. పక్కనుంచి ఏదైనా బోటు ఇంజన్ వేసుకుని వెళ్తే చాలు, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయి ‘నో సిగ్నల్’ వచ్చేస్తోంది. రెండడుగుల డిష్ తీసేసి మూడడుగులది వేయమని షాపులో అంటున్నారు. అది పని చేస్తుందా? వేటకి వెళ్లినప్పుడు సముద్రంలో కూడా టీవీ వచ్చే మార్గం ఉందా? బోటులో కరెంటు 24 వోల్టులు.

డిష్‌పని:
తమ్ముడూ, మూడడుగులది మాత్రం కొనకు, ఇప్పుడున్న ఇబ్బంది ఇంకా ఎక్కువవుతుంది. డిష్ పెద్దదయ్యే కొద్దీ దాని చూపు సన్నబడుతుంది. 60 సెంటీమీటర్ల డిష్‌కి ఆ చూపు వెడల్పు సుమారు 3 డిగ్రీలు, 90 దానికి సుమారు 2 డిగ్రీలే. అంటే పెద్ద డిష్ మీద బోటు కొంచెం ఒరిగినా ఉపగ్రహం తప్పిపోతుంది. పెద్ద డిష్ వానలో అక్కరకొస్తుంది, అదీ నేల మీద కదలకుండా ఉన్నప్పుడు.

ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్-15 ఉపగ్రహం నుంచి, అది ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద. విశాఖ నుంచి చూస్తే అది దక్షిణానికి కాస్త తూర్పుగా, దిక్సూచి మీద 150 దగ్గర, ఆకాశంలో 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంత పైన ఉండడం వల్ల బోటు ముక్కు కాస్త అటూ ఇటూ తిరిగితే పెద్దగా తేడా రాదు, 5 డిగ్రీలు తిరిగితే డిష్ గురి తప్పేది 2 డిగ్రీలే. పక్కలకి ఊగితే మాత్రం దెబ్బ దాదాపు పూర్తిగా తగులుతుంది. పైగా సిగ్నల్ ఒక్క క్షణం పోయినా బాక్సు దాన్ని మళ్లీ పట్టుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది, ఈలోపు ఇంకో అల.

అందుకని డిష్‌ని బోటు మీద నుంచి దించేయ్. గట్టు మీద ఒక ఇనప పైపు పాతి దానికి బిగించి, కేబుల్ మాత్రమే బోటులోకి తీసుకో. పోటుపాట్లకి బోటు లేచి దిగుతుంది కాబట్టి కేబుల్ బాగా వదులుగా వదలాలి, తాళ్లకీ బోటు అంచుకీ మధ్య నలగకుండా చూడాలి. గురి కుదిర్చేటప్పుడు బాక్సులో ‘స్ట్రెంత్’ గీత చూడొద్దు, డిష్ ఎటు తిరిగి ఉన్నా అది నిండుగానే కనిపించొచ్చు. ‘క్వాలిటీ’ గీత ఎక్కడ ఎక్కువొస్తే అక్కడ బిగించు.

కాకినాడ_జెట్టీ:
సముద్రంలో సంగతి నేను చెప్తాను. నడిచే బోటులో డిష్ టీవీ రావాలంటే, బోటు ఎటు ఊగినా మోటర్లతో తనంతట తాను ఉపగ్రహం వైపే తిరిగే గుండ్రటి డోమ్ యాంటెన్నా కావాలి. ఓడల మీద, ఖరీదైన యాట్ల మీద తెల్లగా కనిపించేవి అవే. లక్షల్లో ఖర్చు, మన వేట బోటుకి దండగ. పాత చేపముల్లు యాంటెన్నా వేద్దామన్నా లాభం లేదు, దానికి సిగ్నల్ పంపే పాతకాలపు అనలాగ్ ట్రాన్స్‌మిటర్లని దూరదర్శన్ దాదాపు అన్నీ మూసేసింది. వేటకి వెళ్లేముందు పెన్‌డ్రైవ్‌లో సినిమాలు నింపుకుంటే కలాసీలకి అదే టీవీ.

డబ్బు పెట్టాలనుంటే ముందు ఒక మంచి రేడియో కొనండి. విశాఖ ఆకాశవాణి మీడియం వేవ్ 927 కిలోహెర్ట్జ్. ఉప్పునీటి మీద మీడియం వేవ్ నేల మీదకన్నా చాలా దూరం వెళ్తుంది, సెల్ సిగ్నల్ పోయాక కూడా వార్తలు, వాతావరణం వినొచ్చు. తుపాను కబురు ముందు తెలిస్తే ప్రాణాలు దక్కుతాయి, టీవీ సంగతి తర్వాత చూసుకోవచ్చు. రేడియోలో గురగుర వస్తే సెట్టుని అడ్డంగా మెల్లగా తిప్పండి, లోపల యాంటెన్నాలా పనిచేసే ఫెర్రైట్ కడ్డీ ఒక దిక్కున బాగా పట్టి ఇంకో దిక్కున అసలు పట్టదు. ఇన్వర్టర్‌కీ ఎల్‌ఈడీ లైట్లకీ దూరంగా పెట్టండి.

బ్యాటరీ_భాయ్:
కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. 24 వోల్టులంటే రెండు బ్యాటరీలు వరసలో ఉంటాయి. చాలామంది అందులో ఒక బ్యాటరీ నుంచే 12 తీసి టీవీకి ఇచ్చేస్తారు, అలా చేస్తే ఒకటి ఎప్పుడూ ఖాళీ అవుతూ రెండోది అతిగా ఛార్జ్ అవుతూ రెండూ పాడవుతాయి. 24 నుంచి 12కి మార్చే డీసీ కన్వర్టర్ పెట్టండి, మధ్యలో ఫ్యూజ్ తప్పనిసరి. టీవీ వెనకాల 12 వోల్టులని రాసి ఉన్నదే కొనండి, ఇన్వర్టర్ అక్కర్లేదు.

రేవుగట్టు:
చాలా థాంక్స్ అన్నా అందరికీ. మా బోటు రెండో వరసలో ఉంది, కేబుల్ పక్క బోటు మీదుగా రావాలి. దూరం ఎక్కువైతే సిగ్నల్ తగ్గుతుందా?

డిష్‌పని:
మంచి ఆర్‌జీ-6 కేబుల్ (డిష్‌లకి మామూలుగా వాడే రకం) అయితే 25, 30 మీటర్ల దాకా ఫర్వాలేదు. పక్క బోటు వాళ్లకి ఒక మాట చెప్పి, వాళ్ల బోటు కదిలించే రోజు తీసేసేలా మధ్యలో జాయింట్ పెట్టుకో. నీకు అసలు శత్రువు ఆ జాయింటే. ఉప్పుగాలికి కనెక్టర్ లోపలి రాగి తీగ పచ్చగా చిలుము పట్టిందంటే బొమ్మ మెల్లమెల్లగా చచ్చిపోతుంది, అందరూ ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ పట్టే చిన్న డబ్బా) పోయిందనుకుని కొత్తది కొంటారు. కనెక్టర్ మీద సాగే రబ్బరు టేపు గట్టిగా చుట్టు, దాని కింద కేబుల్‌ని కొంచెం వేలాడేలా వంచు, నీళ్లు అక్కడే కారిపోతాయి. నిషేధం అయ్యాక డిష్ విప్పి ఇంట్లో పెట్టుకో, పైపు అక్కడే ఉండనీ.