మట్టి దారిలో కారు అడుగు తగులుతోంది, ఎలా దాటాలి?

చిత్తూరు నుంచి పలమనేరు మీదుగా కౌండిన్య అడవి అంచున ఉన్న విడిదికి సొంత కారులో వెళ్లాలి. చివరి 9 కిలోమీటర్లు మట్టి దారి. మాది చిన్న కారు, నేలకూ అడుగుభాగానికీ మధ్య 165 మిల్లీమీటర్లే.

గత ఆదివారం నలుగురం వెళ్తే, ట్రాక్టర్ చాళ్ల మధ్య గట్టు రెండుసార్లు గట్టిగా తగిలింది. మూడో కిలోమీటరు దగ్గరే వెనుదిరిగాం. బుధవారం సామాను లేకుండా ఒక్కడినే, టైర్లలో గాలి 33 నుంచి 26 పీఎస్ఐకి తగ్గించి, రెండో గేరులో నెమ్మదిగా వెళ్లాను. కుదుపు తగ్గింది కానీ గట్టు అక్కడే తగిలింది. గాలి తగ్గితే కారు ఇంకాస్త కిందికి దిగుతుందని తర్వాత తట్టింది.

ఏనుగులు తిరిగే చోటు, ఈసారి అమ్మ కూడా వస్తోంది. మధ్యలో ఆగిపోతే ఎలా అన్నదే నా భయం.

ఒక వైపు చక్రాలను గట్టు మీద, రెండో వైపు చక్రాలను ట్రాక్టర్ చాలుకు బయటి ఇసుక అంచు మీద ఉంచి నడిపితే జారకుండా దాటవచ్చా?