ముందద్దం పగిలితే క్లెయిమ్ చేయాలా, బోనస్ కాపాడుకోవాలా?

ప్రశ్న: హన్మకొండ సభ్యుడు

అందరికీ నమస్కారం. ములుగు రోడ్డు మీద ఇసుక లారీ వెనుక వస్తుండగా ఎగిరిన రాయి మా కారు ముందద్దానికి తగిలింది. మొదట శనగగింజంత మచ్చగా ఉన్నది, ఎండలో నిలిపిన కారులో ఏసీ వేసిన తరువాత గీతలా సాగి, డ్రైవరు చూపుకు అడ్డంగా సగం అద్దం దాకా పాకింది. షోరూంలో కొత్త అద్దానికి, బిగింపు కూలితో కలిపి, 9,500 రూపాయల ఎస్టిమేటు ఇచ్చారు. బండి 1,200 సీసీ పెట్రోలుది, బీమా పాలసీలో జీరో డెప్ (తరుగుదల కోత లేని కవరు) ఉంది, ఈ ఏడాది నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) 35 శాతం వచ్చింది. బోనస్ తీసివేయక ముందు ఓన్ డ్యామేజ్ (సొంత బండికి జరిగే నష్టం) ప్రీమియం సుమారు 8,000 రూపాయలు. జీరో డెప్ ఉంది కాబట్టి అద్దానికి క్లెయిమ్ చేసినా బోనస్ పోదని మా ఏజెంటు గారు అంటున్నారు, షోరూం వారు మాత్రం పోతుందంటున్నారు. ఎవరి మాట నమ్మాలో, ఏది లాభమో తెలిసిన పెద్దలు చెప్పగలరు.

సమాధానం: కరీంనగర్ సభ్యుడు (బీమా పనిలో చాలా కాలం ఉన్నవాడిని)

షోరూం వారి మాటే సరైనది. జీరో డెప్ అనేది విడిభాగాల ధరలో తరుగుదల పేరుతో కోత పడకుండా చూసే కవరు మాత్రమే, బోనస్‌కూ దానికీ సంబంధం లేదు. పైగా మామూలు పాలసీలో కూడా గాజుకు తరుగుదల కోత లేదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం కోత ఉంటుంది కాబట్టి, మీ విషయంలో జీరో డెప్ వల్ల మిగిలేది అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఖర్చులో సగమే.

ఇక అసలు లెక్కకు వద్దాం. బోనస్ మెట్లు 20, 25, 35, 45, 50 శాతం. ఒక్క ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ చెల్లింపు జరిగినా వచ్చే రెన్యువల్‌లో అది సున్నాకు పడిపోయి, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వస్తుంది. చాలామంది వచ్చే ఏడాది పోయే 45 శాతాన్ని, అంటే 3,600 రూపాయలను మాత్రమే చూసి, 9,500 వస్తున్నప్పుడు 3,600 పోతే నష్టమేమిటని అనుకుంటారు. కానీ క్లెయిమ్ చేయకపోతే మీరు 45 నుంచి 50కి చేరి అక్కడే నిలుస్తారు, చేస్తే 0, 20, 25, 35, 45 అని నడుస్తారు. రెంటి మధ్య తేడా ఏటేటా 45, 30, 25, 15, 5 శాతాలు, మొత్తం 120 శాతం. ప్రీమియం 8,000 దగ్గరే ఉంటే అది 9,600 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 11,300 పైచిలుకు. బండి పాతబడేకొద్దీ ఐడీవీ (బీమాలో లెక్కగట్టే బండి విలువ) తగ్గి ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది దీనికంటే కొంత తక్కువే.

వచ్చేది ఎంతో కూడా చూడండి. 1,500 సీసీ లోపు కారుకు కంపల్సరీ డిడక్టిబుల్ (ప్రతి క్లెయిమ్‌లో యజమాని భరించవలసిన మొత్తం) 1,000 రూపాయలు మీ చేతి నుంచే పోతుంది. వాలంటరీ డిడక్టిబుల్ ఎంచుకొని ఉంటే అదీ తీసివేస్తారు. అద్దం అతికించే సీలెంటు వంటి వాటికి కన్జ్యూమబుల్స్ కవరు లేకపోతే ఆ ఖర్చూ మీదే. ఎనిమిది వేల కోసం దాదాపు అంతే వదులుకునే బేరమిది. నేనైతే చేయను.

అయితే ఒక్కటి. పాలసీ షెడ్యూలులో బోనస్ రక్షణ యాడ్ ఆన్ (అదనపు కవరు) ఏదైనా ఉందేమో చూడండి. కొన్ని కంపెనీల షరతుల్లో, బాడీకి దెబ్బ లేకుండా అద్దం ఒక్కటే పగిలిన క్లెయిమ్‌ను బోనస్ లెక్కలోకి తీసుకోరు. అది ఏజెంటు నోటి మాటగా కాదు, యాడ్ ఆన్ షరతుల కాగితంలో రాసి ఉండాలి. ఈ ఏడాది ఇప్పటికే మరో క్లెయిమ్ తీసుకొని ఉంటే మాత్రం బోనస్ ఎలాగూ పోయినట్టే, అప్పుడు అద్దానికి కూడా నిశ్చింతగా చేయవచ్చు.

హన్మకొండ సభ్యుడు

చాలా కృతజ్ఞతలు సార్. షెడ్యూలు తీసి చూశాను. జీరో డెప్, దారిలో సహాయం తప్ప బోనస్ రక్షణ ఏదీ లేదు. ఈ ఏడాది వేరే క్లెయిమ్ కూడా లేదు. ఇప్పుడు ఆ యాడ్ ఆన్ కొని క్లెయిమ్ చేయడం గానీ, రెన్యువల్‌కు కంపెనీ మార్చడం గానీ కుదురుతుందా?

కరీంనగర్ సభ్యుడు

జరిగిన నష్టానికి తరువాత కొన్న కవరు వర్తించదు. రెన్యువల్‌లో తీసుకుంటే ఆ తరువాతి ఏడాదికి పనికొస్తుంది. గ్రానైటు, ఇసుక లారీల వెనుక రోజూ తిరిగే మన జిల్లాల వారికి అది వృథా ఖర్చు కాదని నా అభిప్రాయం. కంపెనీ మార్చి పాత క్లెయిమ్ దాచాలని చూడకండి. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది, అబద్ధపు డిక్లరేషన్ అని తేలితే రేపు పెద్ద ప్రమాదం జరిగినప్పుడు ఓన్ డ్యామేజ్ క్లెయిమే తిరస్కరిస్తారు. రెన్యువల్ మాత్రం గడువు దాటి 90 రోజులు కానివ్వకండి, దాటితే ఏ క్లెయిమూ లేకుండానే బోనస్ రద్దవుతుంది. ఒకవేళ బండి అమ్మినా భయం లేదు. బోనస్ బండిది కాదు, యజమానిది. పాత కంపెనీ నుంచి ధ్రువపత్రం తీసుకుంటే మూడేళ్ళలోపు కొనే కొత్త కారుకు వాడుకోవచ్చు.

సమాధానం: కాజీపేట సభ్యుడు

లెక్క విషయంలో పై వారితో ఏకీభవిస్తున్నాను, కానీ ఒక మినహాయింపు ఉంది. అద్దం వెనుక లేన్ చూసే కెమెరా ఉన్న కార్లలో అద్దం మార్చాక కెమెరాను తిరిగి కాలిబ్రేట్ చేయాలి (గురి సరిచూసి అమర్చాలి). అలాంటి కార్లలో అద్దం ధర కూడా చాలా ఎక్కువ కాబట్టి, అప్పుడు క్లెయిమే లాభం కావచ్చు. మీ కారుకు అది లేకపోతే చేతి డబ్బుతో మార్పించుకోవడమే మంచిది. వరంగల్‌లో అద్దాల దుకాణాల్లో షోరూం కంటే తక్కువకే బిగిస్తారు. అయితే రెండు గాజు పలకల మధ్య పలుచని పొర ఉండే లామినేటెడ్ అద్దమేనా, దాని మూలన ఐఎస్ఐ ముద్ర ఉందా అని చూడండి. గమ్ము ఆరే దాకా బండి కదిలించవద్దని వారు చెప్పిన సమయం పాటించండి. మచ్చ చిన్నగా ఉన్నప్పుడే వెళ్ళి ఉంటే రెసిన్ నింపి ఆపేవారు గానీ, డ్రైవరు చూపులో ఇంత సాగిన పగులుకు అది పనికిరాదు.

సమాధానం: హసన్‌పర్తి సభ్యుడు

ఒక చిన్న సంగతి ఎవరూ చెప్పలేదు. పాత అద్దంతో పాటు దానికి అతికించిన ఫాస్టాగ్ కూడా పోతుంది, పీకితే అది పనిచేయదు. అద్దం మార్పించడానికి ముందే ట్యాగు ఇచ్చిన బ్యాంకుకు చెప్పి, అదే ఖాతా కింద బదులు ట్యాగు తెప్పించుకోండి. లేకపోతే హైదరాబాద్ వెళ్ళేటప్పుడు టోలు గేటు దగ్గర మామూలు కంటే ఎక్కువ కట్టవలసి వస్తుంది.

హన్మకొండ సభ్యుడు

బ్యాంకుకు ఈ రోజే దరఖాస్తు పెడతాను. అద్దం చేతి డబ్బుతోనే మార్పిస్తున్నాను.