చెట్లు నాటితే ప్రకృతి తిరిగొచ్చినట్టేనా? కాపాడాల్సింది చట్టమా, ఊరా?

కొల్లేటిగట్టు:
చాలా రోజుల నుంచి ఈ చర్చ పెడదామనుకుంటున్నా. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో దాదాపు దేశాలన్నీ కూర్చుని ఒక మాట అనుకున్నాయి. 2030 కల్లా నేలలో, నీటిలో 30 శాతం రక్షణ కిందికి తేవాలి, పాడైపోయిన వాటిలో 30 శాతాన్ని బాగుచేసే పని మొదలవ్వాలి అని. వినడానికి బాగుంది కానీ 2010లో జపాన్‌లో కూడా ఇలాగే 20 లక్ష్యాలు పెట్టుకున్నారు, గడువు 2020 వచ్చేసరికి ఒక్కటంటే ఒక్కటి కూడా పూర్తిగా నెరవేరలేదు. నా ఉద్దేశంలో మాటలతో పని జరగదు, గట్టి చట్టం ఉండాలి. భూటాన్ చూడండి, ఎప్పటికీ 60 శాతం అడవి ఉండాల్సిందేనని 2008 రాజ్యాంగంలోనే రాసుకుంది. కోస్టారికాలో 1980ల్లో అడవి నాలుగో వంతుకు పడిపోయింది. 1996 చట్టంతో అడవిని నరికి వేరే పనికి వాడటం నిషేధించారు, పెట్రోలు మీద పన్ను వేసి ఆ డబ్బు అడవి ఉంచుకున్న వాళ్లకు ఇచ్చారు. ఇప్పుడు సగానికి పైగా అడవే. మన దగ్గర కూడా పులులు 2006లో 1,411 ఉంటే 2022 లెక్కకి 3,682 అని అంచనా. చట్టం, గార్డు, హద్దు ఉండబట్టే కదా ఇది జరిగింది? "స్థానికులకు అప్పగించండి" అనే మాట వినడానికి తియ్యగా ఉంటుంది, నాకు మాత్రం నమ్మకం లేదు. మీరేమంటారు?

సాయంత్రం_గాలి:
వంద శాతం ఒప్పుకుంటా. భయం లేకపోతే మనవాళ్లు ఏదీ మిగల్చరు.

మేతబీడు:
అక్కా, మీరు రాసింది మొత్తం చదివాను. అందులో ఎక్కడా గడ్డి అనే మాట లేదు. అడవి, పులి, అంతే. మాది గొర్రెల కుటుంబం. మా తాత మంద మేపిన బీడు ఒకటి ఉండేది, ఊరికి పడమర, పెద్ద రాళ్లూ పొదలూ లేకుండా గుట్ట దాకా గడ్డే. రికార్డుల్లో దానికి బంజరు అని పేరు. ఒక ఎండాకాలం పొక్లెయిన్ వచ్చి వరసగా గుంతలు తవ్వింది. నేను అప్పుడు సెలవులకి ఇంటికొచ్చి ఉన్నా, వెళ్లి చూశా. ప్రతి గుంత పక్కనా తవ్విపోసిన మట్టిలో గరిక వేర్లు తెల్లగా పైకి తేలి ఎండిపోతున్నాయి. అందులో నీలగిరి, ఆస్ట్రేలియా తుమ్మ నాటారు. ఎక్కడో గని కోసం కొట్టేసిన అడవికి బదులుగా ఇక్కడ అడవి పెంచుతున్నాం అని బోర్డు పెట్టారు. రెండో ఎండాకాలానికి సగం మొక్కలు చచ్చిపోయాయి, గడ్డి మాత్రం మళ్లీ రాలేదు. మా తాత మందలో సగం అమ్మేశాడు. దీన్ని పునరుద్ధరణ అని ఏ నోటితో అంటారు? ఉన్నదాన్ని చంపి లేనిదాన్ని తెచ్చిపెట్టడం అది.

లెక్కలు_చెప్పండి:
@మేతబీడు గారూ, మీ బాధ అర్థమైంది కానీ ఒక విషయం తేల్చండి. ఆ భూమి అడవి లెక్కలో ఉందా లేదా? మన దేశంలో హెక్టారుకు తగ్గని స్థలంలో చెట్ల నీడ 10 శాతం ఉంటే అది అడవి విస్తీర్ణం కిందికి వస్తుంది. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. కేంద్ర అటవీ సర్వే 2023 నివేదికలో అలా 21.76 శాతం తేలింది. 1988 అటవీ విధానం మూడో వంతు ఉండాలని చెప్పింది. ఆ తేడా పూడ్చాలంటే ఖాళీ నేలల్లో నాటక తప్పదు. గడ్డి నేల అడవి కాదు, కాబట్టి అక్కడ అడవి పోయిందని అనలేం.

మేతబీడు:
అడవి పోయిందని నేను ఎక్కడ అన్నాను? బీడు పోయిందన్నాను. "ఖాళీ నేల" అన్నారు చూడండి, గొడవంతా ఆ మాట దగ్గరే ఉంది. అందులో కుందేళ్లు, పూరేడు పిట్టలు, నక్కలు, పాములు, వాన పడిన వారానికే లేచే పది రకాల గడ్డి ఉంటే అది ఖాళీ ఎలా అవుతుంది? బట్టమేక పిట్ట కోసం రోళ్లపాడులో 1988లో అభయారణ్యం పెట్టారు కదా, ఆ పిట్టకు కావాల్సింది చెట్లు కాదు, గడ్డి మైదానం. ఈరోజు అక్కడ ఆ పిట్ట కనిపించదు.

లెక్కలు_చెప్పండి:
మళ్లీ అడుగుతున్నా. చెట్ల నీడ 10 శాతం ఉందా లేదా?

వానకోయిల:
ఇక్కడ ఒక్క విషయం. సర్కారు తుమ్మకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆలోచించండి. సర్కారే తెచ్చి నాటింది కాబట్టి. గుజరాత్‌లో బన్ని గడ్డి మైదానంలో ఉప్పు నేల ముందుకు పాకకుండా ఆపుతుందని 1960ల్లో ప్రభుత్వమే నాటించింది. అది గడ్డిని మింగేసింది, పశువుల వాళ్లు ఇప్పటికీ తిప్పలు పడుతున్నారు. నాటిన రోజు అదీ పునరుద్ధరణే.

సాయంత్రం_గాలి:
అయితే ఇంక చెట్లే నాటొద్దంటారా? ఎండలు చూస్తున్నారా బయట?

కొల్లేటిగట్టు:
సర్కారు తుమ్మ తప్పే, కాదనను. కానీ తప్పు చెట్టు నాటడం వేరు, రక్షణే వద్దనడం వేరు. తమ్ముడూ, నువ్వు ఒక చెడ్డ పని చూపించి చట్టం మొత్తాన్నీ తీసెయ్యమంటున్నావు. చైనాలో 1998 వరదల తర్వాత కొండవాలు పొలాలు వదిలేసి చెట్లు పెంచితే రైతులకు ధాన్యం, డబ్బు ఇస్తామన్నారు. అంత పెద్ద పని ప్రభుత్వం తప్ప ఎవరు చేయగలరు? ఊరి కమిటీలు చేస్తాయా?

మేతబీడు:
చైనా గురించి మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నా. సిచువాన్‌లో వెళ్లి చూసిన పరిశోధకులు అక్కడ ఎక్కువగా ఒకటో రెండో రకాల చెట్లే నాటారని, పాత సహజమైన అడవిలో ఉన్నన్ని రకాల పిట్టలు వాటిలో లేవని రాశారు. పచ్చగా ఉంది, కానీ కూత తక్కువ. ఇంకొక దేశం సంగతి చెప్తా, ఆఫ్రికాలో నైజర్. అక్కడ ఒకప్పుడు పొలంలో లేచిన చెట్టు కూడా ప్రభుత్వానిదే. అందుకని రైతు చిగురు కనిపించగానే పీకేసేవాడు, పెంచితే తనకేం రాదు, పైగా కొడితే జరిమానా. 1980ల నుంచి పాత మోళ్ల మీద వచ్చే చిగుళ్లను వదిలేసి, మంచివి రెండు మూడు ఉంచి కత్తిరించుకోవడం అలవాటు చేసుకున్నారు. చెట్టు మాదే అనే ధైర్యం వచ్చింది. యాభై లక్షల హెక్టార్ల దాకా మళ్లీ చెట్లొచ్చాయి. నర్సరీ లేదు, గుంత లేదు, టెండరు లేదు. మీ కోస్టారికాలో కూడా గొడ్డు మాంసం ధర పడిపోయి మేత భూములు వదిలేస్తే అడవి దానంతటదే వచ్చిన చోట్లు చాలా ఉన్నాయి. అంతా చట్టం గొప్పే అనకండి.

లెక్కలు_చెప్పండి:
నైజర్‌లో వచ్చినవి పొలంలో చెట్లు, అడవి కాదు. నిర్వచనం ముఖ్యం.

చేనుపిట్ట:
అయ్యా లెక్కల సారూ, ఆ నిర్వచనం కాసేపు పక్కన పెట్టండి, దండం పెడతా.

కొల్లేటిగట్టు:
సరే, నేనూ నా ఇంటి సంగతే చెప్తా, ఎందుకంటే ఇక్కడ అందరూ నేను పిట్టల ఫొటోలు తీసుకునే మనిషిని అన్నట్టు మాట్లాడుతున్నారు. మాది కొల్లేటి లంక. మా నాన్న వల వేసుకుని బతికినవాడు. సరస్సులో చెరువులు తవ్వుకోండని అప్పట్లో మత్స్యకారుల సొసైటీలకే ఇచ్చారు. స్థానికులకు అప్పగించడం అంటే ఇదే కదా? మా నాన్న పేరు కూడా కాగితం మీద సభ్యుడే. ఏం జరిగింది? బయటి నుంచి డబ్బున్నవాళ్లు వచ్చి లీజుకి తీసుకున్నారు, గట్లు లేచాయి, నీళ్లు ఆగిపోయాయి. మా నాన్నకి ఏడాదికి ఒకసారి చేతిలో పెట్టేది పండక్కి బట్టలకు సరిపోయేది. వల వేయడానికి మాత్రం నీళ్లు లేవు, ఏ నీళ్ల దగ్గరికి వెళ్లినా అది ఎవరో ఒకరి చెరువే. 1999లో అభయారణ్యం అన్నారు, 2006లో కోర్టు చెప్తే గట్లు పేల్చారు. ఆ రోజు ఊరంతా ఏడ్చింది, మా నాన్న మాత్రం ఏడవలేదు. గట్టు తెగిన చోట నిలబడి నీళ్లు కదలడం చూశాడు. తర్వాత కొన్నేళ్లకే గట్లు మళ్లీ లేచాయి, అది వేరే కథ. అందుకే "ఊరికి ఇవ్వండి" అంటే నాకు కాలుతుంది. ఊరు అంటే ఎవరు?

మేతబీడు:
అక్కా మీకు జరిగింది అన్యాయమే. కానీ అక్కడ గట్లు పేల్చినప్పుడు చిన్నవాళ్ల బతుకు కూడా కొట్టుకుపోయింది కదా, దానికి మీ చట్టం ఏం సమాధానం చెప్పింది? కాపాడే పేరుతో ప్రతిసారీ నష్టపోయేది మేమే. మీకు పిట్టలు కావాలి, మాకు పొట్ట నిండాలి. తేడా అదే.

కొల్లేటిగట్టు:
ఆ మాట వెనక్కి తీసుకో. నా ఇంట్లో ఏం జరిగిందో ఇంత చెప్పాక కూడా "మీకు పిట్టలు కావాలి" అంటావా? మా నాన్న పొట్ట గురించి నీకేం తెలుసు?

సాయంత్రం_గాలి:
ఇద్దరూ కాస్త తగ్గండి.

మేతబీడు:
తగ్గేది లేదు. మా బీడు పోయిన రోజు ఎవరూ తగ్గమని ఆ పొక్లెయిన్‌కి చెప్పలేదు.

వానకోయిల:
తమ్ముడూ, కోపం తెచ్చుకోకుండా ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పు. మీ బీడులో నాటడానికి ముందు పంచాయతీ తీర్మానం అడిగి ఉండాలి. ఆ తీర్మానం ఎవరు ఇచ్చారు?

(ఆ తర్వాత రెండు రోజులు ఎవరూ రాయలేదు.)

మేతబీడు:
రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నా. తీర్మానం మా ఊరే ఇచ్చింది. సంతకాలున్నాయి, నేను చూశాను. పొలాలున్న వాళ్లు సంతకం పెట్టారు. మందలు చేలల్లో పడుతున్నాయని వాళ్లకి ఎప్పటి నుంచో కంటగింపు, బీడు లేకపోతే మందలే ఉండవని లెక్క. గుంతలు తవ్విస్తే నాలుగు రోజుల కూలి వస్తుందని ఇంకొందరు పెట్టారు. సభ పెట్టింది మా వాళ్లు మందలు తోలుకుని మేతకు దూరం వెళ్లే నెలల్లో. మా తాత తిరిగొచ్చేసరికి గుంతలు తవ్వేశారు. అక్కా, మిమ్మల్ని అలా అనకుండా ఉండాల్సింది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నాకు అటవీ శాఖ మీద ఎంత కోపం ఉందో ఊరి మీదా అంతే ఉంది, ఊళ్లో వాళ్లు మనవాళ్లు కాబట్టి బయటికి చెప్పలేదు.

కొల్లేటిగట్టు:
నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే తమ్ముడూ, నాకే సరిగ్గా అడగడం రాలేదు. చట్టమా, ఊరా అని కాదు. మీ తాత, మా నాన్న లాంటి వాళ్లు వద్దంటే ఆ పని ఆగాలి. ఆ హక్కు ఏ కాగితంలో ఉంది?

మేతబీడు:
2006 అటవీ హక్కుల చట్టంలో మేత హక్కు ఉంది. కాలాన్ని బట్టి తిరిగే పశువుల కాపరులకు కూడా అని స్పష్టంగా రాసి ఉంది. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెంధా లేఖా ఊరు ఆ చట్టం కిందే అడవి మీద సామూహిక హక్కు తీసుకుని వెదురు తామే అమ్ముకుంది.

లెక్కలు_చెప్పండి:
ఆ చట్టం అటవీ భూమికే వర్తిస్తుంది. మీది రెవెన్యూ బంజరు. అందుకే మొదటి రోజు నుంచి అది అడవి లెక్కలో ఉందా అని అడుగుతున్నా, ఎవరూ పట్టించుకోలేదు. చూడండి, రికార్డుల్లో రెవెన్యూ బంజరుగా ఉన్నంత కాలం మీకు ఆ హక్కు లేదు. బతికిన నీలగిరి పెరిగి నీడ 10 శాతం దాటితే అదే నేల దేశం అడవి విస్తీర్ణంలో కలుస్తుంది. మీ తాత నష్టపోయిన ఎకరాలు రేపు నివేదికలో పెరిగిన అడవిగా కనిపిస్తాయి. ఇది రాస్తుంటే నాకే మనసు బాగాలేదు. నేను ఇన్నాళ్లూ ఆ శాతం పెరిగితే సంతోషించాను.

చేనుపిట్ట:
సార్, దండం పెట్టి పక్కన పెట్టమన్నందుకు సారీ.

వానకోయిల:
ఇంకొక కాగితం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఊళ్లో ఉన్న మొక్కలు, జంతువులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రిజిస్టరులో రాయాలి. 2020 జనవరి ఆఖరు లోపు పూర్తి చేయకపోతే ఒక్కో రాష్ట్రం నెలకి పది లక్షలు కట్టాలని పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ అనేసరికి హడావుడిగా దేశమంతా కమిటీలు వేశారు, రెండున్నర లక్షలకు పైగా. చాలా చోట్ల ఒక ఊరి రిజిస్టరు చూసి ఇంకో ఊరికి రాశారు. మీ ఊరిది చూశావా?

మేతబీడు:
మీరు అడిగాక నిన్న వెళ్లి చూశాను. అట్ట మీద మా ఊరి పేరు పెన్నుతో దిద్ది ఉంది. చెట్లకి ఆరు పేజీలు. గడ్డి అనే వరసలో "గడ్డి, పశువుల మేత" అని ఒక్క లైను. ఇంటికొచ్చి తాతని అడిగితే మంచం మీద నుంచి లేవకుండానే చెప్పాడు, గరిక, చెంగలి, బోద, తుంగ, ఇంకో మూడింటికి నాకు తెలియని పేర్లు. ఏది మొదటి వానకి లేస్తుంది, ఏది ఈనిన గొర్రెకి పాలు పడేలా చేస్తుంది, ఏది ముదిరితే నోట్లో గుచ్చుకుంటుంది, అన్నీ.

కొల్లేటిగట్టు:
ఆ పేర్లు ఈరోజే రాసి పెట్టు. మా నాన్న పోయాక చేపల పేర్లు సగం నాకు గుర్తులేవు.

మేతబీడు:
రాస్తాను. ఆదివారం తాతని బండి మీద బీడుకి తీసుకెళ్తున్నా. గుంతలకి గుంతలకి మధ్య ఎక్కడైనా బోద మిగిలి ఉంటే ఫొటో పెడతా.

లెక్కలు_చెప్పండి:
ఎంత మేర మిగిలిందో అడుగులు వేసి కొలిచి రాయండి. అర ఎకరమైనా సరే.