టార్నీట్‌లో టైటిల్ రాని స్థలం: ఇప్పుడే సంతకం పెట్టొచ్చా?

కిరణ్:
అందరికీ నమస్కారం. మెల్‌బోర్న్‌కు ఈ మధ్యే వచ్చాం. పీఆర్ (శాశ్వత నివాస హక్కు) ఉంది. పశ్చిమ శివారు టార్నీట్ అవతల కొత్త ఎస్టేట్‌లో (లేఅవుట్‌లో) 350 చదరపు మీటర్ల లాట్ (ప్లాట్) చూశాం. ఎనిమిది నెలల్లో టైటిల్ (ఆ లాట్‌కు విడిగా హక్కు పత్రం) వస్తుందంటున్నారు, రోడ్లు కూడా పడ్డాయి. ఇంటి కాంట్రాక్టు ఇప్పుడే రాసుకుంటే ఈ రేటుకే కట్టిస్తామని బిల్డర్ అంటున్నాడు. ఏమేం చూసుకోవాలి?

రమణ:
తమ్ముడూ, రోడ్డు పడినంత మాత్రాన టైటిల్ దగ్గరపడినట్టు కాదు. మురుగు పైపులు, వాననీటి డ్రైన్లు, మంచినీళ్లు, కరెంటు, ఎన్‌బీఎన్ (ఇంటర్నెట్ లైను) అన్నీ పూర్తవ్వాలి. నీళ్లకు గ్రేటర్ వెస్టర్న్ వాటర్, కరెంటుకు పవర్‌కోర్ ఒప్పుకోవాలి. ఆ తర్వాత కౌన్సిల్ (స్థానిక పురపాలక సంస్థ) స్టేట్‌మెంట్ ఆఫ్ కంప్లయెన్స్, అంటే అన్నీ సరిగ్గా పూర్తయ్యాయన్న పత్రం, ఇస్తుంది. దానితో ప్లాన్ ఆఫ్ సబ్‌డివిజన్ (స్థలాన్ని లాట్లుగా విడదీసే ప్లాన్) రిజిస్టరయ్యాకే నీ లాట్‌కు టైటిల్. అందుకే సేల్స్ ఆఫీసులో "టైటిల్ ఎప్పుడు?" అని కాదు, "మా లాట్ ఉన్న స్టేజ్‌కు (ఎస్టేట్‌లోని ఆ విడతకు) ఇంకా ఎవరి అనుమతి రావాలి?" అని అడుగు. సూటిగా చెప్పలేకపోతే ఎనిమిది నెలల మాట పక్కన పెట్టెయ్. చలికాలం వానలకు ఇక్కడి బంకమట్టిలో మెషిన్లు దిగబడతాయి, పని ఆగుతుంది.

ఇంకో సంగతి. టైటిల్ ఆలస్యమైతే సన్‌సెట్ తేదీ (ప్లాన్ రిజిస్టర్ కావాల్సిన ఆఖరి గడువు) చూపించి డెవలపర్ కాంట్రాక్టు రద్దు చేసి, అదే లాట్ ఎక్కువ రేటుకు అమ్ముకుంటాడు. జాగ్రత్త.

సుజాత:
రమణ గారూ, అది పాత మాటండీ. 2018 ఆగస్టు 23 నుంచి మన విక్టోరియా రాష్ట్రంలో ఇళ్ల స్థలాలకు అలా కుదరదు. కొన్నవాళ్లు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, లేదా డెవలపర్ రాష్ట్ర సుప్రీం కోర్టు ఆర్డర్ తెచ్చుకోవాలి. మనకు మాత్రం హక్కు ఉంది: కాంట్రాక్టులో వేరే గడువు రాయకపోతే 18 నెలల్లో ప్లాన్ రిజిస్టర్ కానప్పుడు, అది రిజిస్టరయ్యేలోపు మనం రద్దు చేసుకోవచ్చు. చాలా కాంట్రాక్టుల్లో ఆ గడువు ఇంకా పొడుగ్గా ఉంటుంది. కిరణ్ గారూ, సంతకానికి ముందే సెక్షన్ 32 (అమ్మేవాళ్లు స్థలం వివరాలు చెప్పే పత్రం)తో సహా కాంట్రాక్టును కన్వేయన్సర్‌కు (ఆస్తి కొనుగోలు పత్రాలు చూసే నిపుణుడికి) చూపించండి. డిపాజిట్ 10 శాతానికి మించకూడదు, అది ట్రస్ట్ ఖాతాలోనే ఉండాలి.

వేణు:
అసలు దెబ్బ తగిలేది బిల్డర్ దగ్గర. కిరణ్, కాంట్రాక్టులో రేటు ఎన్నాళ్లు నిలుస్తుందో చదువు. టైటిల్ ఆలస్యమై ఆ గడువు దాటితే రేటు పెంచే క్లాజ్ ఉంటుంది. ఈలోపు బ్యాంకు ప్రీ అప్రూవల్ (లోనుకు ముందస్తు ఒప్పుదల) గడువూ తీరిపోతుంది. మళ్లీ అప్లై చేసేసరికి వడ్డీ వేరు, నీ ఉద్యోగం లెక్క వేరు. సెటిల్‌మెంట్ (మిగతా డబ్బు కట్టి స్థలం మన పేరుకు మారే రోజు) నాటి బ్యాంకు వాల్యుయేషన్ నువ్వు ఒప్పుకున్న ధర కంటే తక్కువ వస్తే ఆ తేడా నీ జేబులోంచే. అందుకని డిపాజిట్ పోగా చేతిలో కొంత డబ్బు ఉంచుకో.

సైట్ కాస్ట్ (నేలను కట్టడానికి సిద్ధం చేసే ఖర్చు) తర్వాతి గండం. పశ్చిమాన నేలంతా అగ్నిపర్వత మైదానం. పైన ఉబ్బే మట్టి, కింద నల్లరాయి. సాయిల్ రిపోర్టులో ఎం క్లాసు అంటే నేల కదలిక 20 నుంచి 40 మిల్లీమీటర్లు, హెచ్1 అంటే 40 నుంచి 60, హెచ్2 అంటే 60 నుంచి 75. క్లాసు పెరిగేకొద్దీ స్లాబ్ ఖర్చు పెరుగుతుంది. సరిగ్గా దట్టించని ఫిల్లింగ్ ఉంటే పి క్లాసు. "ఫిక్స్‌డ్ సైట్ కాస్ట్" అన్నా అందులో రాయి తవ్వడం కలిసిందో లేదో రాతలో అడుగు. కలవకపోతే అది ఫిక్స్‌డ్ కానే కాదు.

రమణ:
సుజాత గారు చెప్పింది సరే, నాది పాత లెక్క. కానీ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు మర్చిపోకండి. మొదటి ఇల్లు కదా, 10,000 డాలర్లు వస్తాయి. స్థలం ధర 7,50,000 లోపుంటే చాలు.

సుజాత:
స్థలం ఒక్కటే కాదండీ, గ్రాంటుకు స్థలం, ఇల్లు కలిపి 7,50,000 దాటకూడదు. మీరు అనుకుంటున్నది స్టాంప్ డ్యూటీ. స్థలానికీ కట్టడానికీ వేర్వేరు కాంట్రాక్టులైతే డ్యూటీ స్థలం ధర మీదే. మొదటిసారి కొనేవాళ్లకు 6,00,000 వరకు పూర్తి మినహాయింపు, అక్కడి నుంచి 7,50,000 దాకా కొంత తగ్గింపు. రెంటికీ ఆ ఇంట్లో 12 నెలలు ఆగకుండా ఉండాలి. అద్దెకిచ్చే ఆలోచనుంటే ఇప్పుడే చెప్పండి, లెక్కంతా మారుతుంది.

వేణు:
బిల్డర్‌కు మొదట కట్టేది కాంట్రాక్టు ధరలో 5 శాతం దాటకూడదు. అదీ మీ పేరు, మీ లాట్ నంబరు ఉన్న డొమెస్టిక్ బిల్డింగ్ ఇన్సూరెన్స్ (బిల్డర్ మూతపడితే కాపాడే బీమా) సర్టిఫికెట్ చేతికొచ్చాకే. 2023 మార్చిలో పోర్టర్ డేవిస్ అనే బిల్డర్ కంపెనీ మూతపడ్డప్పుడు డిపాజిట్ కట్టినా ఇన్సూరెన్స్ లేని కుటుంబాలు చాలా బయటపడ్డాయి. తర్వాత స్లాబ్‌కు 10, ఫ్రేమ్‌కు 15, లాకప్‌కు (తలుపులు, కిటికీలు పెట్టే దశ) 35, ఫిక్సింగ్‌కు (లోపలి బిగింపుల దశ) 25 శాతం. ప్రతి స్టేజ్‌కూ సొంత ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకో. ప్లాస్టర్ పడితే ఫ్రేమ్ తప్పులు కనపడవు.

కిరణ్:
అందరికీ ధన్యవాదాలు. కాంట్రాక్టులో సన్‌సెట్ 36 నెలలని ఉంది! రాయి తవ్వకం గురించి బిల్డర్‌కు ఈమెయిల్ పెట్టాను. ఇంకా సంతకం పెట్టలేదు.