పెళ్లి డీవీడీ: ఒక్కో ప్లేయర్‌లో ఒక్కో గోల

చెన్నై వేళచ్చేరి నుంచి అడుగుతున్నా. 2008 నాటి అక్క పెళ్లి డీవీడీ. కంప్యూటర్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో పెడితే, అక్షింతలు వేసే చేతులు కదిలితే చాలు, అంచులు దువ్వెన పళ్లలా చీలుతున్నాయి. ఇంకో ప్లేయర్‌లో ఆ గీతలు లేవు. తలంబ్రాల దగ్గర మాత్రం రెండింట్లోనూ బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి ఆగిపోతోంది. ఆదివారం అమ్మ చూస్తానంటోంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: గీతలు డిస్క్ తప్పు కాదండీ. మన దగ్గరి టీవీ పద్ధతి పాల్ (PAL), అందులో సెకనుకు 25 ఫ్రేములు, అంటే బొమ్మలు. ఒక్కో ఫ్రేములో సరి వరుసలు, బేసి వరుసలు వేర్వేరు క్షణాల్లో తీసినవి. కలిపి చూపిస్తే కదిలేవాటి అంచులు ఇలా చీలతాయి. వీఎల్‌సీలో 'డి' నొక్కండి, ఈ చీలికల్ని సర్దే డీఇంటర్‌లేస్ ఆన్ అవుతుంది.

జవాబు 2: తలంబ్రాల సంగతి వేరు. అన్నిట్లో ఒకే చోట ఆగితే అనుమానం డిస్క్ మీదే. మెత్తని బట్టతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా వద్దు. తర్వాత డిస్క్‌లో వీడియో ఉండే వీడియో టీఎస్ (VIDEO_TS) ఫోల్డర్‌ని కంప్యూటర్‌లోకి కాపీ చేసి చూడండి.

అడిగినవారు: గీతలు పోయాయి! కాపీ మాత్రం సగంలో ఆగింది. ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ కొననా?

జవాబు 2: డిస్క్ పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూశాకే కొనండి. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకోటి చదవొచ్చు.