చేను "జాలువారింది" అంటే?

ప్రశ్న, మిర్యాలగూడ నుంచి:
కూరగాయల నారు మీద వ్యాసం రాస్తున్నా. "ఫ్లడింగ్ స్ట్రెస్"కు "వరద ఒత్తిడి" అని రాశాను. మా నాన్న చదివి, "వరద యాడొచ్చింది? మడి జాలువారిందని రాయరాదా" అన్నడు. నేను చదివిన పుస్తకాల్లో కన్నీళ్లే జాలువారతాయి. వ్యాసంలో ఈ మాట వాడొచ్చా?

జవాబు, నాగర్‌కర్నూల్ నుంచి:
తప్పకుండా వాడండి. జాలు అంటే సన్నటి ప్రవాహం, ఊట. కంటి నుంచి జారినా, కాలువ గట్టులోంచి ఊరినా అదే మాట. వరద వచ్చి పోతుంది, జాలు నేలలో ఉండిపోతుంది. పైన నీళ్లు కనపడకపోయినా కాలు దిగబడుతుంది, వేరుకు గాలి ఆడదు. అసలు బాధ అదే. నీటిలో ఆక్సిజన్ గాలిలోకంటే దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. మట్టిలో మిగిలిన కాస్తా అయిపోయాక వేరు పులియబెట్టే దారి పడుతుంది: చక్కెర విరిగితే వచ్చే పైరువేట్ ఎసిటాల్డిహైడ్ అవుతుంది, అది ఇథనాల్ అవుతుంది. ఒక గ్లూకోజ్ అణువుకు సుమారు 30 ఏటీపీలు (కణానికి శక్తినిచ్చే అణువులు) రావాల్సిన చోట 2 వస్తాయి. వేరు కణాల్లో ఆమ్లత్వం పెరిగి, నీటిని లోపలికి పంపే ఆక్వాపోరిన్లు మూసుకుంటాయి. అందుకే టమాట నారు నీళ్లలో ఉండి కూడా వడలిపోతుంది.

హాలియా నుంచి:
మా దగ్గర సాగర్ కాలువ పక్క పొలాన్ని "జాలు పొలం" అంటం. వరి తట్టుకుంటది, మిరప నారు ఆగదు. అన్నా, టమాట ఆకులు మెత్తబడకుండనే కిందికి వంగుతయ్ గదా, దాన్నేమనాలె?

నాగర్‌కర్నూల్ నుంచి:
మంచి మాట అడిగినవ్ తమ్మీ. అది వడలడం కాదు. వేర్లలో ఏసీసీ అనే పదార్థం పోగవుతుంది; ఇథిలీన్ అనే మొక్కల హార్మోన్ వాయువుకు అదే ముడిసరుకు. అది ఇథిలీన్‌గా మారాలంటే ఆక్సిజన్ కావాలి, వేరు దగ్గర అది లేదు. కాబట్టి ఏసీసీ కాండం గుండా పైకెక్కి ఆకుల్లో ఇథిలీన్ అవుతుంది. ఆకు కాడ పైవైపు కణాలు ఎక్కువ సాగి, ఆకు వంగుతుంది. దీన్ని "ఆకు వాలడం" అనాలని నా అభిప్రాయం. రెంటికీ "వాడింది" అనే రాస్తే, చదివిన రైతు ఇంకో తడి పెడతాడు. నా భయం అదే.

మిర్యాలగూడ నుంచి:
శీర్షిక మార్చాను: "జాలువారిన మడిలో టమాట నారు". ప్రోలిన్ (ఒక అమైనో ఆమ్లం), కాటలేజ్ అనే మాటలు మాత్రం అలాగే ఉంచుతున్నా. కాటలేజ్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ అని ఒకసారి చెప్తే చాలు కదా?

నాగర్‌కర్నూల్ నుంచి:
చాలు. నాన్నగారికి మా నమస్కారం చెప్పండి.